యంత్రము పూనునా? నిత్యోపకరణములు, మనోవ్యాధులు: ఒక సమీక్ష

కాకినాడనుండి బయలుదేరి రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా కోటిపల్లి రేవుదాక పోవు రైలుమార్గము చిన్నదే యైనను దాని చరిత్ర విచిత్రమైనది. 1928లో అది వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, దాని పట్టాలను ఊడబెరికి పట్టుకొనిపోయిరి. 64 ఏండ్లు గడచిన పిమ్మట, 2004లో, అది మరల వచ్చినది. ఈ రాకపోకలను గురించి మా ప్రాంతమున చెప్పుకొను ముచ్చటలు పెక్కు కలవు గాని, రైలుబండి కుదుపునకు వెన్నెముక అదరి, నరములు చెడి, మనస్సు చెదరి, మనుష్యుడు నెలల తరబడి మంచము పట్టునను రోగమునకు మన భాషలో పేరు పుట్టనే లేదు. ఇంగ్లండులోనో, ఆ రోగమునకు పేరును కలదు, గ్రంథములును కలవు, న్యాయస్థానములలో తీర్పులును కలవు. 1866లో లండను శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సన్ దానిని వర్ణించి ఉపన్యసించెను. ‘రైలు వెన్ను’ అను పేరుతో అది లోకమున వ్యాపించెను. ఒకే యంత్రము ఒక దేశమున వ్యాధిహేతువై, వేరొక దేశమున ప్రయాణసాధనము మాత్రమై నిలిచినదేమి? ఈ వ్యాసమున విచారింపబూనిన ప్రశ్న ఇదియే.

ఒక సంస్కృతికి చెందినవారిలో మాత్రమే కనిపించుచు, ఆ జనుల విశ్వాసములచేత రూపు దిద్దుకొని, ఆ జనుల భాషలోనే పేరు గలిగిన మానసిక లక్షణ సముదాయమును మనోవైద్యులు ‘సంస్కృతిబద్ధ వ్యాధి’ యని వ్యవహరింతురు. హాంగ్‌కాంగ్‌లో పనిచేసిన పి. ఎం. యాప్ 1960 దశకమున ఈ భావనను స్థిరపరచెను. మలయా దేశమున ఉన్నట్టుండి కత్తి పట్టి ఎదురైనవారిని నరకు ‘అమోక్’, పురుషాంగము లోనికి కుంచించుకొని పోవుచున్నదని హడలిపోవు ‘కోరో’ ఇట్టి వ్యాధులకు ప్రసిద్ధోదాహరణములు. మన దేశమునుండి ఈ పట్టికకెక్కిన ‘ధాతు’ రోగమునకు 1960లో ఆ పేరు పెట్టినవాడు ఆచార్య ఎన్. ఎన్. విగ్. అమెరికా మనోవైద్యసంఘము వారి వ్యాధి వర్గీకరణ గ్రంథము 1994 నాటి నాల్గవ ముద్రణలో ఇట్టివి 25 పేర్కొనబడినవి. 2013 నాటి అయిదవ ముద్రణలో ఆ పాత పేరును విడిచి ‘బాధను గూర్చిన సాంస్కృతిక భావనలు’ అను పేరుతో 9 మాత్రమే వివరింపబడినవి. పేరు మారుటకు హేతువు గలదు: సంస్కృతి యనునది ఇతరులకే యుండి తమకు లేదన్నట్లు పాశ్చాత్యులు చిరకాలము వ్రాసికొనిన మాటలోని లోపమును వారే గ్రహించిరి.

ఈ లోపమును ఎత్తి చూపుటకు టెలిగ్రాఫ్ తంతికి మించిన సాక్షి లేదు. 1869లో జార్జి బేర్డ్ అను అమెరికా వైద్యుడు ‘న్యూరస్తీనియా’ యను నరముల నిస్సత్తువను వర్ణించెను. 1881లో ప్రకటించిన గ్రంథమున, ఈ వ్యాధి తమ నాగరికతకే చెందినదని సగర్వముగా చెప్పుచు, ఆవిరియంత్రమును, టెలిగ్రాఫును, పత్రికలను, విజ్ఞానశాస్త్రములను, స్త్రీల మేధోవ్యాసంగమును దానికి కారణములుగా ఎన్నెను. కాలక్రమమున ఆ వ్యాధి జపానునకును చీనాకును పోయి, అచ్చటి దేశవైద్య భావనలతో కలిసి వేళ్ళూనెను. పుట్టినింట మాత్రము మాసిపోయెను. శతాబ్ది గడచునప్పటికి, అమెరికా వారి 1994 గ్రంథమే దాని చీనా రూపమును ‘సంస్కృతిబద్ధ వ్యాధుల’ జాబితాలో చేర్చుకొనెను. తాము కని, తాము పేరు పెట్టి, తాము మరచిన శిశువు పొరుగింట పెరిగి పెద్దదై ఎదురుపడగా, వింతజాతి బిడ్డ యని వ్రాసికొనిన చందము గదా ఇది!

రైలు వెన్ను కథయు ఇట్టి పాఠమునే చెప్పును. రైలు ప్రమాదబాధితులు సంస్థలనుండి నష్టపరిహారము కోరుటకు ఇంగ్లండు చట్టములు దారి తీసిన దినములలో ఆ రోగము విజృంభించెను. రైలు సంస్థలో శస్త్రవైద్యుడుగా నుండిన హెర్బర్ట్ పేజ్ 1883లో, దెబ్బ తగిలినది వెన్నునకు గాదనియు భయమే రోగమూలమనియు వాదించెను. ఆయన మాటను సంస్థకు మేలుచేయు మాట యని కొందరు శంకింపవచ్చును. అయినను శరీరమున గాయము లేకున్నను భయము శరీరమును మంచము పట్టింపగలదను సత్యము వైద్యశాస్త్రమున ప్రవేశించిన త్రోవలలో ఇది యొకటి. గమనింపదగిన దేమనగా, రైళ్ళు నాటికంటె నేడు అనేక రెట్లు పెరిగినవి, వాటి వేగమును పెరిగినది, ప్రమాదములును జరుగుచునే యున్నవి. రైలు వెన్ను మాత్రము కనుమరుగైనది. కారణము నిలిచియుండగా కార్యము నశించినచో, ఆ కారణము కారణము కాదని తర్కశాస్త్రము చదువనివారును చెప్పగలరు.

పై ఉదాహరణములు బండ్లను, తంతులను గూర్చినవి. ఇక ఇంటిలో తిరుగు పంకా మాట విందము. మూసిన గదిలో విద్యుత్పంకా తిరుగుచుండగా నిద్రించినవాడు తెల్లవారునప్పటికి మరణించునని దక్షిణ కొరియాలో లక్షలాది జనులు నమ్మిరి. అచ్చట పంకాలు కొంత సేపటికి తమంత తామే ఆగిపోవు అమరికతో అమ్ముడగుట వాడుక. 2006లో ఆ దేశపు వినియోగదారుల రక్షణసంస్థ వేసవి ప్రమాదముల హెచ్చరికలో సైతము దీనిని చేర్చినది. రోహిణికార్తెలో కరెంటు పోయినచో తాటాకు విసనకఱ్ఱ చేత బట్టి, పంకా ఎప్పుడు తిరుగునా యని పైకప్పువంక చూచుచు కూర్చుండు మన గోదావరి జిల్లాలవారికి ఈ భయము నవ్వు పుట్టించును. కాని దిష్టి తగులునని పసిబిడ్డ చెక్కిట నల్లచుక్క పెట్టు మనము ఒకరిని చూచి నవ్వుటకు ముందు కొంచెము ఆలోచింపవలెను. ఎవరి భయము వారికి శాస్త్రముగనే తోచును.

సమూహపు భయమునుండి ఒంటరి ఉన్మాదము వంకకు తిరిగినచో, యంత్రములు అచ్చటను కొలువుదీరి యుండుట చూతుము. లండను బెత్లెం ఆసుపత్రిలో నున్న జేమ్స్ టిల్లీ మాథ్యూస్ అనునతడు, దుండగులు కొందరు భూగృహమున ‘వాయుమగ్గము’ను నడుపుచు తన తలంపులను నేయుచున్నారని నమ్మెను, అతని భ్రాంతిని ఆ ఆసుపత్రి వైద్యాధికారి జాన్ హాస్లమ్ 1810లో గ్రంథస్థము చేసెను. మగ్గములు మిల్లులకెక్కుచు, వాయువులను గూర్చిన రసాయనశాస్త్రము క్రొత్తగా జనులను విస్మయపరచుచున్న కాలమది. 1919లో వియన్నా నగరమున మనోవిశ్లేషకుడు విక్టర్ టాస్క్ ‘ప్రభావయంత్రము’ అను పేరుతో ఇట్టి భ్రాంతులను విశ్లేషించెను. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో 1881 మొదలు 2000 వరకు ఆసుపత్రి చేరిన స్కిజోఫ్రీనియా రోగుల పత్రములను పరిశీలించినవారు, రేడియో, టెలివిజన్లు వ్యాపించిన పిమ్మట యంత్రముల ద్వారా తమ్మెవరో శాసించుచున్నారను భ్రాంతులు హెచ్చినవని కనుగొనిరి. మన వైపునను అంతే: తాత కాలమున చేతబడి చేసిరని చెప్పిన మనస్సే, తండ్రి కాలమున రేడియోలో నా పేరు చెప్పుచున్నారని, కొడుకు కాలమున నా ఫోనులో ఎవరో దూరి నన్ను చూచుచున్నారని చెప్పును. రోగము పాతదే, అది కట్టుకొను వేషము మాత్రము సంతలో అప్పుడు దొరకు బట్టతో కుట్టబడును.

ఈ విషయమున మన ప్రాచీన వైద్యులు మౌనముగా నుండలేదు. అష్టాంగ ఆయుర్వేదమున భూతవిద్య యొక అంగము. బయటినుండి సంక్రమించు ఉన్మాదమును ‘ఆగంతు’ వని చరకసంహిత వేరు చేసినది. అయితే ఆ సంహిత నిదానస్థానమే, దేవతలు గాని గంధర్వులు గాని పిశాచములు గాని తనంత తాను చెడని మనుష్యుని చెఱుపజాలరని, ప్రజ్ఞాపరాధమే, అనగా బుద్ధి తప్పి చేసిన దోషమే, మూలమని, కావున దేవతలను నిందింపరాదని ఉపదేశించుచున్నది. గ్రహమున్న చోట యంత్రమును నిలిపి చదివినచో ఈ ఉపదేశము నేటికిని చెల్లును. ఒక్క సవరణ మాత్రము చేయవలసి యున్నది: అపరాధమంతయు రోగిదే యనుట న్యాయము కాదు. నిరుద్యోగము, అప్పు, పరీక్షలు, ఇంటి పోరు, ఒంటరితనము మనస్సును ముందే దున్ని యుంచగా, యంత్రము అందు విత్తనమై పడును.

నేటి నిత్యోపకరణము చేతి ఫోను గావున దానిని గూర్చి పుట్టిన వ్యాధినామముల విలువ కట్టుదము. జేబులోని ఫోను మ్రోగకున్నను అదరినట్లు తోచుట మొదటిది. 2010లో అమెరికాలోని ఒక వైద్యశాల సిబ్బందిలో నూటికి 68 మంది ఈ అనుభవము తమకు గలదనిరి. వారిలో పెక్కుమందికి అది పెద్ద బాధగా లేదు. 2013లో ప్రకటితమైన తైవాన్ పరిశోధనలో, శిక్షణలో చేరకముందు నూటికి 78 మంది యువవైద్యులు దీనిని చెప్పగా, రాత్రింబవళ్ళు పిలుపులకు పరుగెత్తు శిక్షణ నడుమ నూటికి 96 మంది చెప్పిరి. శిక్షణ ముగిసిన పిమ్మట ఆ సంఖ్య సగమునకు దిగెను. ఫోను మారలేదు, పని భారము మారినది. ఫోను లేకున్న కలవరము ‘నోమోఫోబియా’. ఈ మాట 2008లో బ్రిటన్ తపాలా సంస్థ చేయించిన ఒక జనాభిప్రాయ సేకరణనుండి పుట్టెను. ‘అంతర్జాల వ్యసనము’ అను పేరును 1995లో ఇవాన్ గోల్డ్‌బర్గ్ అను మనోవైద్యుడు వర్గీకరణ గ్రంథములను వెక్కిరించుటకై పరిహాసముగా కల్పింపగా, పలువురు తమకు ఆ రోగము గలదని నిజముగనే చెప్పుకొనజొచ్చిరి! పరిహాసములోను కొంత సత్యమున్నది కాబోలు: 2019లో ప్రపంచ ఆరోగ్యసభ ఆమోదించి 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలో వీడియో ఆటల వ్యసనము వ్యాధిగా చేరినది, బెంగుళూరు నిమ్హాన్స్ మనోవైద్య సంస్థ 2014లోనే ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయమును తెరచినది. అయితే ఇవన్నియు దేశదేశములకు సామాన్యములే. ఒక సంస్కృతి ముద్ర వీనిపై లేదు.

ఆ ముద్ర స్పష్టముగ కనబడునది గుంపు భయములలో. 1967లో సింగపూరున, పందులకు వేసిన టీకా మందు వలన ఆ మాంసము తిన్నవారికి కోరో పట్టునను వదంతి వ్యాపించి, వందలాది పురుషులు ఆసుపత్రులకు పరుగెత్తిరి. వైద్యులు రేడియో, టెలివిజన్లలో కూర్చుండి భయము తీర్చగా అది చల్లారెను. టీకా రోగము తెచ్చినట్లు తోచిన చోట టెలివిజన్ ఔషధమైనది. 2004లో నైజీరియాలోను, 2007లో పాకిస్తానులోను, ఫలానా సంఖ్యలనుండి ఫోను వచ్చినప్పుడు ఎత్తినవాడు చచ్చునని వదంతి పుట్టగా, ఫోను సంస్థలు కాదని ప్రకటనలు చేయవలసి వచ్చెను. ఐరోపా దీనికి అతీతము కాదు. 2019లో జర్మనీ యువకుడొకడు, తన ప్రమేయము లేకయే కేకలు, కుదుపులు పుట్టించు తన టూరెట్ రోగమును గూర్చి యూట్యూబ్‌లో ప్రదర్శనలు ఆరంభింపగా, అవి చూచిన యువతీయువకులు అతని కేకలను, అతని మాటలనే ఉచ్చరించుచు హానోవర్ వైద్యశాలకు వచ్చిరి. ‘ఎగురు సొరచేపలు’ అను అర్థములేని కేక సైతము ఒకరినుండి ఒకరికి అంటుకొనెను. ఇది టూరెట్ కాదని నిదానముగా చెప్పగా కొందరికి లక్షణములు వెంటనే తగ్గినవి. దీనిని వర్ణించిన కిర్స్టెన్ ముల్లర్‌వాల్ ప్రభృతులు, ఆధునిక సమాజపు సంస్కృతిబద్ధ ప్రతిస్పందనగా దీనిని భావింపవచ్చుననిరి. బేర్డ్ నాడు గర్వముతో అన్న మాటను ఇన్నాళ్ళకు పాశ్చాత్యులే వినయముతో అనగలిగిరి.

తెలుగునాట ముడిసరుకునకు కొదవ లేదు. మెదక్ మొదలగు తెలంగాణ ప్రాంతములలో ‘బాణామతి’ యను పేర, ఇండ్లపై రాళ్ళు పడినవని, బట్టలు తమంత తామే అంటుకొన్నవని, స్త్రీలు పూనకముతో కేకలు వేయుచున్నారని అలజడి రేగి, మంత్రగాండ్రని అనుమానింపబడినవారి పండ్లు ఊడగొట్టుటయు, ప్రాణములు తీయుటయు జరిగినది. రాత్రివేళ ఒక స్త్రీ వచ్చి తలుపు తట్టి పేరు పెట్టి పిలుచుననియు, పలికినచో ప్రాణము పోవుననియు భయపడి గోడలపై ‘ఓ స్త్రీ రేపు రా’ యని వ్రాసికొన్న పల్లెలు తెలుగువారు ఎరుగనివి కావు. ఆ భయము నోటి మాటతో ఊరూరు తిరుగుటకు వారములు పట్టెను. 2018 మే నెలలో పసిపిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవను వదంతి మాత్రము వాట్సాప్ చిత్రములతో రాత్రికి రాత్రి రెండు రాష్ట్రములను చుట్టివచ్చెను. గ్రామములలో కఱ్ఱలు పట్టి కాపలా కాచిరి. నిరపరాధులు పలువురు దెబ్బలు తినిరి. మే 26న హైదరాబాదులో ఒక హిజ్రా స్త్రీ ప్రాణములే పోయెను. జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాదని నియమించెను. అంతకు ముందే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తీసికొనిన మార్గము ఈ సమీక్షకు మరింత విలువైనది: ఊరికొక పోలీసును కేటాయించి, డప్పుతోను జానపదుల పాటలతోను వదంతిని వీధిలో నిలువరించిరి. భయము వచ్చినది ఫోనులోనైనను అది కూర్చున్నది గడపలో. కావున విరుగుడును గడపకే తెచ్చిరి.

ఇక మా కోనసీమ సంగతి. 2022 మే 24న, జిల్లాకు పేరు పెట్టు విషయమున అమలాపురమున అల్లర్లు రేగిన పిమ్మట అంతర్జాల సేవలు నిలిపివేయబడి, కొన్ని మండలములలో దాదాపు రెండు వారములు తిరిగి రాలేదు. ఇంటినుండి ఉద్యోగములు చేసికొనుచున్న యువకులు సంకేతము దొరకు చోటు వెదకుకొనుచు గోదావరి గట్లకును పొరుగూళ్ళకును పోయిరి. నాడు వారి ముఖముల నున్న ఆందోళనకు నోమోఫోబియా యని పేరు పెట్టుట వైద్యము గాదు, వెటకారము. జీతము పోవునేమో యను భయము, దూరదేశమందలి బిడ్డతో మాట లేదను బెంగ, ఊరిలో ఏమి జరుగునో తెలియని కలత ఇవి యథార్థమైన కారణములు గల యథార్థ దుఃఖములు. రోగనామము చేత బట్టుకొని వెదకువానికి ప్రతి దుఃఖమును రోగముగనే కనబడును.

ఇంతకంటె కఠినమైన హెచ్చరిక ఏలూరునుండి వచ్చెను. 2020 డిసెంబరు మొదటి వారమున ఆ పట్టణమున 600 మందికి పైగా జనులు మూర్ఛ, తలతిప్పు, స్మృతిలోపములతో ఆసుపత్రి పాలైనప్పుడు, ఇది సామూహిక మనోభ్రాంతి యేమో యను ఊహయు వినబడెను. రక్తపరీక్షలలో సీసము, నికెలు కనబడినట్లు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చెప్పిరి; పురుగుమందుల అవశేషములవైపు ఇతర పరిశోధకులు వ్రేలు చూపిరి. జనుల బాధను మనస్సుమీదికి నెట్టుట పాలకులకును వైద్యులకును సులభమైన త్రోవ. ఆ త్రోవ త్రొక్కుటకు ముందు నీరును, అన్నమును, రక్తమును పరీక్షింపవలెను.

కావున యంత్రజన్యమైన సంస్కృతిబద్ధ వ్యాధి యొకటి మనలో గలదని చెప్పుటకు నాలుగు పరీక్షలు కావలెను. జనులే దానికి తమ భాషలో పేరు పెట్టియుండవలెను. దాని లక్షణములును విరుగుడును ఇంటింట ఒకే తీరున తెలిసియుండవలెను. ఆ సంస్కృతి వెలుపల అది అరుదై యుండవలెను. విషము గాని ఇతర రోగము గాని దానిని వివరింపజాలకుండవలెను. ఫోను అదురు మూడవ పరీక్షలో ఓడును. నోమోఫోబియా మొదటిదానిలోను మూడవదానిలోను ఓడును. 2018 వదంతి నాలుగింటికిని దూరము, ఏలయన అది భయమే గాని వ్యాధి కాదు. జర్మనీ కేకలు సగమువరకు నెగ్గినవి. తెలుగువారి ఫోను రోగము అనదగినది నేటికి లేదనియే నా నిర్ణయము. ఈ నిర్ణయము చూచి నిశ్చింతగా నుండుటకు వీలులేదు. గాలి సోకెననియు, దిష్టి తగిలెననియు, గుండె దడ యనియు, నరముల నీరసమనియు చెప్పుకొను భాష మనకు సిద్ధముగ నున్నది. క్షణములో వ్యాపించు సాధనము చేతనున్నది. అప్పులు, పరీక్షలు, ఒంటరితనము ఉండనే యున్నవి. ఈ మూడును ఒక చోట కలిసిన నాడు క్రొత్త పేరు పుట్టుటకు ఎంతో సేపు పట్టదు.

అట్టి దినము వచ్చినను రాకున్నను చేయవలసిన పని ఒక్కటే. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము మన దేశమున పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మనోవ్యాధితో నున్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందుట లేదు. 2022 అక్టోబరునుండి 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలిమానస్ వారు తెలుగులో మాట్లాడుదురు. భయపెట్టిన ఫోనే ఓదార్చు ఫోనుగా మారుటకు ఇది తార్కాణము. రామచంద్రపురమువారికి కాకినాడ పెద్దాసుపత్రి గంటకు మించిన దూరము కాదు. తొలుత ద్రాక్షారామము భీమేశ్వరుని గుడికి పోయి, పిదప ఆసుపత్రికి పోవుదుమనువారితో వాదము పెట్టుకొనవలసిన పనియు లేదు, రెండవ ప్రయాణము మానకున్న చాలును. రోగి తన ఫోనులో ఎవరో దూరినారని చెప్పినప్పుడు, ఫోను లాగుకొని చూపి ‘ఎవరును లేరు గదా’ యని వాదించువాడు వేషముతో పోరాడుచున్నాడు. ‘ఎంత భయముగా నున్నదో గదా, ఎన్నాళ్ళనుండి నిద్ర లేదు?’ అని అడుగువాడు రోగము కడకు చేరుచున్నాడు. ఆ ప్రశ్న అడుగుటకు యంత్రముతో పని లేదు.